మన పాత సినిమాలకూ ఇలాంటి పండుగ కావాలి

సంపాదకులకు నమస్కారం.

శాన్‌ఫ్రాన్సిస్కోలో 1980 నుంచి యూదుల సినిమా పండుగ జరుగుతోంది. ఈ తరహా పండుగల్లో ప్రపంచంలో మొదటిది ఇదే. ఇజ్రాయెల్ సినిమాలతో పాటు పలు దేశాల్లోని యూదుల జీవితాల మీద తీసినవీ వేస్తారు. కొన్నేళ్ల కిందట అక్కడ యూరప్ యూదుల భాష యిద్దిష్‌లో తీసిన పాత సినిమా ఒకటి చూశాను. పక్క సీట్లో పెద్దావిడ తెరమీది పాటతో పాటు పెదవులు కదుపుతూనే ఉంది. పాట అయిపోయాక కళ్లద్దాలు తీసి, కొంగులాంటి శాలువాతో తుడుచుకుంది. మా అమ్మమ్మ గుర్తొచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నాజీలు యూరప్‌లో యిద్దిష్ మాట్లాడేవాళ్లను లక్షల్లో చంపేశారు. అయినా 1937లో పోలండ్‌లో తీసిన యిద్దిష్ సినిమా 'ది డిబ్బుక్' ఈనాటికీ చూడగలుగుతున్నాం. అమెరికాలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్న జాతీయ యూదు చలనచిత్ర కేంద్రం అలాంటి ప్రింట్లను వెతికి, బాగుచేసి, సబ్‌టైటిళ్లు వేసింది.

మనకు ఏ యుద్ధమూ రాలేదు. అయినా 1932 నాటి మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రింటు లేదు. ఇది తలచుకుంటే నాకు నిజంగా కడుపు తరుక్కుపోతుంది. ఇక్కడ అమెరికాలోని తెలుగు సంఘాలు తారల్ని రప్పించడానికి ఎంతో ఖర్చు పెడతాయి. అందులో కొంత తీసి ఏటా రెండు పాత సినిమాలు బాగుచేయించి, మన పిల్లలకు అర్థమయ్యేలా సబ్‌టైటిళ్లతో వేయలేవా? గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిమ్ యూదులున్నారు. వాళ్ల మీద మనవాళ్లెవరైనా డాక్యుమెంటరీ తీస్తే ఆ యూదుల పండుగలోనూ, మనం పెట్టుకునే పండుగలోనూ వేయొచ్చు.

మీ ప్రవాసాంధ్ర పేజీలో ఈ చర్చ మొదలుపెట్టమని మనవి.

— ఒక పాఠకుడు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా