నలభై వేగంలోనే తెలిసిపోయే స్టీరింగ్ సంగతి

సంపాదకులకు నమస్కారం.

వాడిన స్పోర్ట్స్ కార్లను పోలుస్తూ మీ పత్రిక వాహనాల పేజీలో వేసిన వ్యాసం చదివాను. ధర, హార్స్‌పవర్, సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లు, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు, అన్నీ గళ్లు కట్టి ఇచ్చారు. బండి చేతికి ఏం చెబుతుంది, మలుపులో ఎలా నిలుస్తుంది అనేదానికి మాత్రం ఒక్క గడీ లేదు. "స్టీరింగ్ బాగుంది" అని రెండు మాటల్లో ముగించారు. స్పోర్ట్స్ కారుకు అదనంగా పోసే డబ్బంతా ఆ రెండు మాటల కోసమే. రోడ్డు నేరుగా ఉంటే ఏ డీజిల్ బండైనా పరిగెత్తుతుంది.

బెంగళూరు, హైదరాబాదు నుంచి ఇలాంటి బండ్లు కడపకు వస్తూనే ఉన్నాయి. కొనేవాళ్లు రంగు చూస్తారు, మీటరు చూస్తారు, ఆ తర్వాత "హ్యాండ్లింగ్ చూద్దాం పద" అని గువ్వలచెరువు ఘాట్‌కు తీసుకెళ్తారు. దయచేసి ఆ పని మానండి. పాలకోవా కోసం వెళ్లండి, బండి పరీక్షకు వద్దు. బరువు లారీలు బ్రేకులు కాలిన వాసనతో దిగే రోడ్డు అది. పైగా అక్కడికి వెళ్లినా తెలిసేది తక్కువ. స్టీరింగ్ గురించి తెలుసుకోవాల్సింది ముప్పాతిక వంతు గంటకు 40 కిలోమీటర్ల లోపే తెలిసిపోతుంది. అదెలాగో రాస్తాను.

మలుపులో టైరు నేలను పట్టుకున్నప్పుడు రబ్బరు కొద్దిగా మెలిపడుతుంది. ఆ మెలి విడిపోవాలని చూసే బలం చక్రాన్ని తిరిగి నేరు దిశకు తోస్తుంది. చక్రాన్ని తిప్పే టై రాడ్, దాన్ని పక్కలకు జరిపే పళ్ల కడ్డీ రాక్, స్టీరింగు కింది కాలమ్ దాటుకుని అరచేతికి వచ్చేది ఆ తోపుడే. మలుపు బిగిసే కొద్దీ స్టీరింగ్ బరువెక్కాలి. టైరు పట్టు తప్పడానికి కాస్త ముందే ఆ బరువు సన్నగా తగ్గడం మొదలవ్వాలి. ఆ తగ్గుదల చేతికి అందితే ముందు చక్రాలు జారబోతున్నాయని కంటికంటే ముందు తెలుస్తుంది. అది అందని బండి ఎంత బలమైనదైనా మలుపులో మనిషిని గుడ్డివాణ్ని చేస్తుంది.

హైడ్రాలిక్ స్టీరింగులో టార్షన్ బార్ అనే సన్నని కడ్డీ మెలితిరిగి వాల్వు తెరిస్తే నూనె ఒత్తిడి సాయం చేస్తుంది. ఎలక్ట్రిక్ స్టీరింగులో ఆ మెలిని సెన్సరు కొలిచి మోటారుకు చెబుతుంది. మోటారు, దాని గేర్ల రాపిడి చిన్న అదురులను మింగేస్తాయి, కొన్నింటిని తయారీదారులే కావాలని వడకడతారు. అందుకని ఎలక్ట్రిక్ అంతా పనికిరాదనుకోవద్దు. గురి తప్పకుండా తిరగడం వేరు, నేల కబురు చెప్పడం వేరు. మొదటిది ఎలక్ట్రిక్ బండ్లలో బాగానే ఉంటుంది, రెండోదే తగ్గుతుంది. మీ వ్యాసం ఈ రెంటినీ కలిపేసింది.

పోర్షే బాక్స్‌స్టర్, కేమన్ తీసుకుంటే ఈ తేడా ఒకే పేరు కింద కనిపిస్తుంది. 987 తరం వరకు హైడ్రాలిక్, 2012లో వచ్చిన 981 నుంచి ఎలక్ట్రిక్. ఇంజను సీట్ల వెనక, వెనక ఇరుసుకు ముందు ఉంటుంది కాబట్టి ముందు చక్రాల మీద బరువు తక్కువ, స్టీరింగుకు సాయమూ తక్కువే చాలు. 987లో రోడ్డు గరుకుదనం, తారు అతుకు, ఇసుక పొర, అన్నీ వేళ్లకు విడివిడిగా తెలుస్తాయి. 981 ఇంకా చురుగ్గా తిరుగుతుంది, మాట మాత్రం తక్కువ. స్టీరింగ్ కోసమే కొనేవాళ్లకు నా ఓటు 987కే. మన ఎండకు ఒక హెచ్చరిక. ఈ బండ్ల రేడియేటర్లు ముందు బంపరు రెండు మూలల్లో ఉంటాయి, వాటి ముందు ఎండుటాకులు, ప్లాస్టిక్ కవర్లు, దుమ్ము పేరుకుంటాయి. బంపరు విప్పి శుభ్రం చేయించకుండా మే నెలలో హైవే ఎక్కకూడదు. 2008 వరకు వచ్చిన ఇంజన్లకు ఐఎంఎస్ (ఇంజను లోపలి ఇంటర్మీడియట్ షాఫ్టు) బేరింగు బెడద ఉంది, దాని గురించి రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

బీఎండబ్ల్యూ జెడ్4లో డ్రైవరు దాదాపు వెనక ఇరుసు మీద కూర్చుంటాడు, ముందు పొడవాటి బానెట్. ముక్కు తిరిగాక ఒక క్షణం ఆగి నడుం తిరిగినట్టుంటుంది. అలవాటైతే అదీ బాగుంటుంది. 2009 నుంచి వచ్చిన రెండో తరం ఎలక్ట్రిక్ స్టీరింగుతో, మడిచే గట్టి టాపుతో బరువైంది. ఎవరైనా దిగుమతి చేసుకున్న మొదటి తరం జెడ్4 చూపిస్తే ఒకటి గుర్తుంచుకోండి. దాని ఎలక్ట్రిక్ కాలమ్ వేడెక్కినప్పుడు నడిమధ్యలో అతుక్కుంటుంది. నేరుగా పోతున్నప్పుడు కొద్దిగా తిప్పబోతే ముందు కదలదు, తర్వాత ఒక్కసారిగా ఎక్కువ తిరుగుతుంది. తెల్లవారి చల్లగా ఉన్నప్పుడు చూస్తే ఏ లోపమూ కనిపించదు. మధ్యాహ్నం రెండింటికి, అరగంట నడిపాక చూడాలి.

ఆడీ టీటీ నాలుగు చక్రాల పట్టుతో వర్షంలో ధైర్యాన్నిస్తుంది. అయితే చేతికి మౌనం, అంచుకు చేరితే ముక్కు బయటికి పోతుంది. మినీ కూపర్ ఎస్ చిన్న కదలికకే తలతిప్పుతుంది, ముందు వెనక చక్రాల మధ్య దూరం (వీల్‌బేస్) తక్కువ కావడం వల్ల గతుకుల్లో ఎగురుతుంది. మినీకి, జెడ్4కి వచ్చే, గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్ల పక్కగోడలు గట్టివి. గుంతలో పడితే ఆ దెబ్బ రిమ్ముకు తగులుతుంది. కొనేముందు నాలుగు రిమ్ముల లోపలి అంచు టార్చి వేసి చూడండి, వెంట్రుకంత పగులు ఉన్నా వదిలేయండి.

అందరికీ పోర్షే అందదు. తక్కువలో చేతికి మాట చెప్పే బండి కావాలంటే 2015లో వచ్చిన ఫియట్ అబార్త్ పుంటో చూడండి. 145 హార్స్‌పవర్, హైడ్రాలిక్ స్టీరింగ్. నిలబడ్డప్పుడు బరువు, తిప్పి తిప్పి చేతులు నొస్తాయి. వేగం అందుకున్నాక అంత నమ్మకంగా ఉండే స్టీరింగ్ మన దేశంలో అమ్మిన చిన్న కార్లలో అరుదు. ముందు చక్రాల బండి కాబట్టి రెండో గేరులో గట్టిగా తొక్కితే స్టీరింగ్ చేతిలో గుంజుతుంది. ఆ గుంజుడు కొంత సహజం. ప్రతిసారీ ఒకే పక్కకు గుంజితే మాత్రం ఆ పక్క లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద పట్టి ఉంచే చేయి) బుష్, అంటే దాని కీలు రబ్బరు, పోయిందని అనుమానించాలి. ఫియట్ ఇక్కడ కార్లు అమ్మడం మానేసినా సస్పెన్షన్ భాగాలు మామూలు పుంటో, లీనియాలతో చాలావరకు కలుస్తాయి. స్కోడా ఆక్టేవియా వీఆర్ఎస్ ఇంకో రకం. 2017లో వచ్చిన 230 హార్స్‌పవర్ బండి మలుపులో లోపలి చక్రానికి బ్రేకు వేసి ముక్కును లోపలికి లాగుతుంది. 2020లో 200 బండ్లే అమ్మిన 245 హార్స్‌పవర్ బండికి రెండు ముందు చక్రాలకూ బలం పంచే ఎలక్ట్రానిక్ డిఫరెన్షియల్ ఉంది. రెండూ వేగంగా పోతాయి, కుటుంబానికీ సరిపోతాయి, స్టీరింగ్ మాత్రం పెద్దగా మాట్లాడదు.

ఇంతా రాసి ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. వాడిన బండ్లలో రెండు మోడళ్లను పోలుస్తున్నామని అనుకుంటాం. నిజంగా పోల్చేది రెండు జతల టైర్లను, రెండు జతల బుష్‌లను. మంచి బుష్‌లున్న పుంటో అరిగిన బుష్‌లున్న బాక్స్‌స్టర్‌ను స్టీరింగులో ఓడిస్తుంది.

టైరు పక్కన చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. గీతలు లోతుగానే ఉన్నా మన ఎండలో ఆరేళ్లు నిలిచిన రబ్బరు గోరు దిగనంత గట్టిపడుతుంది, అప్పుడు ఏ స్టీరింగైనా చెక్కలా ఉంటుంది. ముందొక కంపెనీ, వెనకొక కంపెనీ టైర్లుంటే ఆ బండి హ్యాండ్లింగ్ గురించి మాట్లాడటమే దండగ. గాలి పొద్దున్నే, బండి కదలకముందు, డోరు పిల్లరు మీదో పెట్రోలు మూత లోపలో ఉన్న స్టిక్కరు ప్రకారం పెట్టాలి. పది డిగ్రీల వేడికి టైరు గాలి ఒత్తిడి సుమారు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. మధ్యాహ్నం వేడి టైర్లలో "ఎక్కువుంది" అని గాలి తీసేస్తే మర్నాడు పొద్దుటికి నాలుగైదు తక్కువై స్టీరింగ్ మొద్దుబారుతుంది.

తర్వాత బండిని ఎత్తించండి. టై రాడ్ ఎండ్ మీద రబ్బరు బూటు చీలితే గ్రీజు బయటికి వచ్చి దుమ్ముతో కలుస్తుంది. సిమెంటు ఫ్యాక్టరీలున్న ఎర్రగుంట్ల వైపు తిరిగిన బండ్లలో ఆ ముద్ద వేళ్ల మధ్య నలిపితే ఉప్పుకాగితంలా గరగరలాడుతుంది. అది లోపలి బంతిని రోజూ అరగదీస్తూనే ఉంటుంది. ఇంజను ఆన్ చేసి ఒకరు స్టీరింగును ఎడమకు కుడికి రెండేసి అంగుళాలు ఆడిస్తుంటే, ఇంకొకరు టై రాడ్ ఎండ్ కీలు మీద వేలు పెట్టి చూడాలి. టక్కుమంటే ఆట ఉన్నట్టే. లోయర్ ఆర్మ్ వెనక బుష్‌లో పగులు కోసం సన్నని రాడ్డుతో నెట్టి చూడాలి. హైడ్రాలిక్ అయితే నూనె మాడు వాసన వస్తోందా, పూర్తిగా తిప్పినప్పుడు పంపు ఏడుస్తోందా గమనించాలి, ఆ చివర ఐదు సెకన్లకు మించి పట్టుకోవద్దు. కొన్ని బండ్లకు ఎర్ర ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు నూనె), కొన్నింటికి ఆకుపచ్చ నూనె. మూత మీద రాసింది చూడకుండా కలిపితే సీళ్లు ఉబ్బి రాక్ కారుతుంది.

అలైన్‌మెంట్ కాగితం అడగండి. క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) రెండు పక్కలా అర డిగ్రీకి మించి తేడా ఉంటే తక్కువున్న పక్కకు బండి లాగుతుంది. క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం వాలు) తేడా అయితే ఎక్కువ పాజిటివ్, అంటే చక్రం పైభాగం ఎక్కువ బయటికి వాలి, ఉన్న పక్కకు లాగుతుంది. చాలా కార్లలో ముందు చక్రాలకు టో (లోపలికో బయటికో చూసే కోణం) ఒక్కటే సర్దుబాటు అవుతుంది, మిగతా రెండూ తయారైనట్టే ఉండాలి. అవి తేడాగా ఉన్నాయంటే ఆర్మో, దాన్ని మోసే సబ్‌ఫ్రేమో ఎక్కడో దెబ్బ తిన్నది. రంగు మందం కొలిచి మరమ్మతు బయటపెట్టే పెయింటు మీటరు పట్టుకోని ప్రమాదాన్ని ఈ కాగితం పట్టిస్తుంది. అందుకే దీనికి ఇంత చోటు ఇస్తున్నాను.

కిందికి దించిన బండ్లు మన దగ్గర ఫ్యాషన్. స్ప్రింగు కోసి రెండంగుళాలు దించితే లోయర్ ఆర్మ్ పైకి వంగి నిలుస్తుంది. బండి బరువు కేంద్రం దిగినదానికంటే రోల్ సెంటర్ (మలుపులో బండి ఒరిగే కేంద్ర బిందువు) ఎక్కువ దిగిపోతుంది. అందుకే మలుపులో ఒరుగుడు అనుకున్నంత తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. టై రాడ్, ఆర్మ్ తిరిగే వంపులు కలవక ప్రతి గతుకుకూ చక్రం తనంతట తానే తిరుగుతుంది. చక్రాన్ని బయటికి జరిపే స్పేసర్లు, బయటికొచ్చే రిమ్ములు వేస్తే లారీల గాడి ఎటుంటే స్టీరింగ్ అటు లాగుతుంది. బండికి మార్పులు చేయడం మీద మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను సంగతి ఎలాగూ ఉంది. అసలు స్ప్రింగులు తెచ్చి ఇస్తేగానీ ఇలాంటి బండి కొనవద్దు.

ఇక 40 లోపు పరీక్ష. ఊరి బయట ప్లాట్లు వేసిన లేఅవుట్లలో అమ్ముడుపోని భాగం, మనుషులు లేని చోటు, యజమాని అనుమతి చాలు. రోడ్డు మన పక్క ఎడమకు వాలి ఉంటుంది కాబట్టి ఎడమకు కొద్దిగా జరగడం తప్పు కాదు, కుడికి లాగితే లోపమే. 20లో స్పీడ్ బ్రేకరును ఒక పక్క చక్రంతోనే ఎక్కించండి, డబ్‌మని శబ్దం వస్తే స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జరు కలిసిన స్తంభం) మౌంటో, షాకబ్జరో పోయినట్టు. 30లో సందు మలుపు తిరిగాక పట్టు వదులు చేయండి, స్టీరింగ్ తనంతట తాను నడిమికి రావాలి. సగంలో ఆగితే స్ట్రట్ పైన బేరింగు బిగిసింది. తర్వాత 40లో స్థిరంగా పెద్ద గుండ్రం తిరుగుతూ వృత్తాన్ని మెల్లగా చిన్నది చేయండి. చేతికి బరువు పెరుగుతూ రావాలి, అడుగడుగునా సవరించాల్సి రాకూడదు. ఆ గుండ్రంలోనే చిన్న గతుకు దాటించండి. గీసిన దారి తప్పితే వెనక బుష్‌లు చూడండి. పోల్చాలనుకున్న రెండు బండ్లనూ ఒకే రోజు, ఒకే చోట, గాలి సరిచేసి, ఒకే మనిషి నడపాలి. ఇంతకంటే వేగంగా తెలుసుకోవాలనుకునేవాళ్లకు శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ ఉంది.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్లే తయారవుతున్న సీమ ఇది. ఇక్కడి పాఠకులకు హార్స్‌పవర్ అంకెతో సరిపెట్టడం అన్యాయం. మీ తదుపరి పోలికలో ప్రతి బండికీ ఇవి అచ్చువేయండి: స్టీరింగ్ హైడ్రాలిక్కా ఎలక్ట్రిక్కా, ఒక చివర నుంచి మరో చివరకు ఎన్ని చుట్లు, టైర్ల కంపెనీ, తయారీ వారం, పొద్దున పెట్టిన గాలి. ఘాట్ మలుపులో ఒరిగిన బండి ఫొటో తీసేసి, ఆ చోట అలైన్‌మెంట్ కాగితం ఫొటో వేయండి.

— వీల్ అలైన్‌మెంట్ పనిలో ఉన్న ఒక పాఠకుడు, కడప