ఓడలో అల్లికల బల్ల: పిన్నిగారికి ఒక ఉత్తరం

సియాటిల్

పూజ్యులైన పిన్నిగారికి,

మీ శారద నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ, బాబాయిగారూ, నల్లకుంటలో మనవాళ్లందరూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

వచ్చే వేసవిలో మీరిద్దరూ ఇక్కడికి వచ్చినప్పుడు అలాస్కా ఓడ ప్రయాణం పెట్టుకుందామని నేనంటే, "వారం రోజులు నీళ్ల మీద కూర్చుని నేనేం చెయ్యాలే? ఈత కొట్టాలా, డాన్సు చెయ్యాలా? పైగా నా ఇంగ్లీషు అంతంత మాత్రం" అని ఫోనులో అన్నారు. పిల్లల గోలలో అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. మొన్న జూలైలో మేము అదే ప్రయాణం చేసినప్పుడు నేను ఎక్కువ పొద్దు ఎక్కడ గడిపానో వివరంగా రాస్తే మీ ప్రశ్నకు అదే సమాధానం అవుతుందని ఇప్పుడు తీరిగ్గా కూర్చున్నాను.

ఓడ రోజూ రేవులో ఆగదు. సియాటిల్‌లో బయలుదేరిన మర్నాడు పొద్దస్తమానం వాంకూవర్ దీవికి పడమటివైపున సముద్రం మీదనే గడుస్తుంది. అటువంటి రోజుల్లో రెండు మూడు వేలమంది ప్రయాణికులకు కాలక్షేపం కల్పించడం ఓడవాళ్ల బాధ్యత. ముందు రాత్రి గదిలో పెట్టి వెళ్లే కార్యక్రమాల కాగితంలో బింగో, వంటల ప్రదర్శన, నగల అమ్మకం వంటివాటి నడుమ ఒక చిన్న పంక్తి కనిపించింది: ఉదయం 10 గంటలకు పేకాట గదిలో అల్లికలు, చేతిపనులు చేసుకునేవారి కలయిక, నిర్వాహకులు ఉండరు. ఆ చివరి మాట చూసి మొదట అంతగా మనసుపోలేదు కానీ, వెళ్లి చూశాక అసలు సుఖమంతా అందులోనే ఉందని తెలిసింది. ఓడవాళ్లు ఇచ్చేది చోటూ వేళా మాత్రమే. మైకు పట్టుకుని హుషారు చేసేవాళ్లు లేరు, పోటీ లేదు, రుసుము లేదు, పేరు నమోదు లేదు. ఎవరి సంచీ వారు తెచ్చుకుని, ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుని, మొదట పక్కవాళ్ల చేతిలోని పని చూసి, ఆ తరువాతే ముఖం చూసి పలకరిస్తారు.

ఆ బల్ల చుట్టూ చేరినవాళ్లలో మిన్నెసోటా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉంది, ఆమె తాతలు నార్వే నుంచి వలస వచ్చినవారట. ఇంగ్లండులోని యార్క్‌షైరు నుంచి వచ్చిన దంపతుల్లో భర్త మేజోళ్లు అల్లుతుంటే భార్య పుస్తకం చదువుకునేది; అది చూసి మన బాబాయిగారు ఏమంటారో ఊహించుకుని నాలో నేనే నవ్వుకున్నాను. క్రోషా పట్టుకున్నవాళ్లు, గుడ్డముక్కలు అతుకుతున్నవాళ్లు, గళ్ల గుడ్డ మీద దారంతో బొమ్మ కుడుతున్నవాళ్లు కూడా ఉన్నారు. ఏ పనీ తెలియని ఒక కాలేజీ అమ్మాయి ఊరికే చూడటానికి వచ్చి, ప్రయాణం ముగిసేసరికి ఒక టోపీకి సగం దాకా వచ్చింది.

మీరు నేర్పినట్టు నేను దారాన్ని కుడిచేతి చూపుడువేలితో సూది మీదికి వేస్తాను కదా. మిన్నెసోటా ఆవిడ దారాన్ని ఎడమచేతి వేలికి చుట్టుకుని, సూదిమొనతో దాన్ని అందుకుని లాగేస్తుంది. వేలు దాదాపు కదలదు, సూది మాత్రం ముక్కుతో గింజ ఏరుకునే పిట్టలాగా ఒంగి లేస్తుంటుంది. ఆమె రెండు వరుసలు ముగించేలోగా నాది ఒక వరుస అయ్యేది. ఆమె నా చేతులు చూసింది, నేను ఆమె చేతులు చూశాను. నాకోసం ఆగి, నెమ్మదిగా, చూపుడువేలు ఎక్కడ ఆనించాలో నా వేలు పట్టుకుని పెట్టింది. ఇందులో ఇంగ్లీషు పని ఎంతని మీరే ఆలోచించండి. సీదా కుట్టు, ఉల్టా కుట్టు అని మలక్‌పేట క్వార్టర్సులో పంజాబీ పక్కింటావిడ మీకు నేర్పినప్పుడు ఆమెకు తెలుగు రాదు, మీకు పంజాబీ రాదు, అయినా స్వెట్టరు పూర్తయింది కదా.

అసలు విషయానికి వస్తాను. నా ఊలు ఉండలన్నీ మీరు అల్లి ఇచ్చిన ఆకుపచ్చ, తెలుపు ప్లాస్టిక్ వైరు బుట్టలో పెట్టుకుని వెళ్లాను. ఓడ ఒక పక్కకు ఒరిగినప్పుడల్లా మిగతావాళ్ల ఉండలు బల్ల కిందికి దొర్లిపోతుంటే, అడుగు గట్టిగా పరుచుకుని నిలబడే బుట్టలోంచి నా ఉండ కదలలేదు. దారం కొసను అల్లికలోని సందులోంచి బయటికి లాగితే చిక్కు పడకుండా కావలసినంతే వచ్చేది. ఇక్కడ ఇదే పనికోసం అంచున చీలిక ఉన్న పింగాణీ గిన్నెలు డబ్బు పోసి కొంటారు. రెండో పూట ఆ పెద్దావిడ నా అనుమతి అడిగి, బుట్టను ఖాళీ చేసి, తలకిందులుగా తిప్పి, అడుగున ముడులు ఎక్కడ మొదలయ్యాయో వేలితో వెతికింది. ఒక ముడి వదులు చేసి, వైరు ఎలా మడిచి దేనిలోంచి తీశారో చూసి మళ్లీ బిగించింది. గోడలు నేను కొంత చూపించగలిగాను గాని, అడుగు ఎలా ఎత్తుకోవాలో నాకు రాదని చెప్పేసరికి బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరూ నిరాశపడ్డారు. ఆ పూట అక్కడ మీరుండి, రెండు వైరు కట్టలు ముందు పెట్టుకుని కూర్చుంటే ఎలా ఉండేదో నేను వర్ణించనక్కరలేదు. క్రోషా గురించి మాట వచ్చినప్పుడు మన నరసాపురం లేసు గురించి కూడా చెప్పాను. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని గోదావరి జిల్లా ఆడవాళ్ల చేతుల్లో పడి విదేశాలకు ఎగుమతయ్యే సరుకైందని వాళ్లలో ఎవరికీ తెలియదు.

ఇంత పని చేసేవాళ్లు చేరినచోట ఊలు గురించి మాటలకు కొదవేముంటుంది? యార్క్‌షైరు పెద్దమనిషి తన ఊరివైపు జాలర్లు వేసుకునే బిగుతైన స్వెట్టర్ల గురించి చాలా ఓపికగా వివరించాడు. వాటికి అతుకు ఉండదు, గుండ్రంగా అల్లుకుంటూ పోతారు. ముందూ వెనకా ఒకేలా ఉంటాయి కాబట్టి మోచేతులు అరిగితే తిప్పి తొడుక్కోవచ్చు. చేతులను భుజం నుంచి కిందికి అల్లుతారు, మణికట్టు దగ్గర చిరిగితే అంతమేరకు విప్పి మళ్లీ అల్లుకోవడానికి. ఊరికో నమూనా ఉండేదనీ, మునిగిపోయినవాడి శవాన్ని దాన్నిబట్టే గుర్తుపట్టేవారనీ కూడా అన్నాడు. పుస్తకం మీంచి తల ఎత్తకుండానే ఆయన భార్య "అది యాత్రికులకు చెప్పే కథ" అంది. నాకూ ఆవిడ మాటే నమ్మబుద్ధయింది.

ఆంకరేజ్ నుంచి వచ్చిన ఒకావిడ మెడకు చుట్టుకున్న గోధుమరంగు వస్త్రాన్ని తీసి నా చేతిలో పెట్టింది. చేతిలో ఏదో ఉన్నట్టే అనిపించలేదు, కాసేపటికి అరచెయ్యి వెచ్చబడింది. కస్తూరి ఎద్దు అనే జంతువుకు పై వెంట్రుకల కింద పెరిగే మెత్తని నూగు అది. వసంతంలో రాలే సమయానికి దువ్వి తీస్తారు, దాన్ని కివియుట్ అంటారు. అలాస్కాలో ఆ జంతువులు వేటకు బలై పూర్తిగా అంతరించిపోతే, 1930లో గ్రీన్‌లాండ్ నుంచి 34 ఎద్దులను, ఆవులను తెచ్చి మళ్లీ పెంచారు. 1969 నుంచి ఆంకరేజ్‌లో ఊమింగ్‌మాక్ అనే సహకార సంఘం ఉంది. మారుమూల పల్లెల్లోని స్త్రీలు ఆ దారాన్ని ఇంట్లో అల్లి పంపుతారు, వాటి నమూనాలు ఆయా పల్లెల పాతకాలపు వస్తువుల నుంచి తీసుకున్నవి. చేనేత సహకార సంఘాలను ఎరిగిన మనకు ఈ పద్ధతి కొత్తది కాదు.

ఆ మాటల వల్లనే అలాస్కా రాజధాని జూనో రేవులో దిగినప్పుడు మేము కొండపైకి రోప్‌వేలో వెళ్లడం మానుకుని రాష్ట్ర మ్యూజియంకు వెళ్లాం. అక్కడి ఆదివాసులైన క్లింగిట్ జాతివారు నేసే చిల్కాట్ శాలువలు అందులో ఉన్నాయి. కొండమేక ఉన్నిని దేవదారు బెరడుతో కలిపి వడికి పడుగు దారం చేస్తారు. మగ్గానికి పై కర్ర ఒక్కటే, పడుగు కిందికి వేలాడుతూ ఉంటుంది. నాడె లేకుండా వేళ్లతోనే పేకను నడిపిస్తూ, నలుపు, పసుపు, నీలి ఆకుపచ్చ రంగుల్లో కళ్లూ రెక్కలూ నేస్తారు. నేతలో గుండ్రని గీత తీయడం ఎంత కష్టమో మీకు తెలుసు. ఇక్కడ కంటి వలయం పూర్ణంగా గుండ్రంగానే ఉంటుంది. ఒక శాలువకు ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదట. బల్ల దగ్గరివాళ్లు ముగ్గురు నలుగురు అప్పటికే ఆ గాజు అద్దానికి ముక్కు ఆనించి నిలబడి ఉన్నారు.

తిరుగు ప్రయాణంలో ఓడ విక్టోరియాలో కొన్ని గంటలు ఆగింది. ఆ ఊరు ఉన్న వాంకూవర్ దీవిలో కోవిచన్ అనే ఆదివాసీ తెగ స్త్రీలు రంగు వెయ్యని మందపాటి ఊలుతో, పక్షులూ తిమింగలాలూ పెట్టి అల్లే స్వెట్టర్లను కెనడా ప్రభుత్వం 2011లో జాతీయ చారిత్రక ప్రాముఖ్యం గలవిగా గుర్తించింది. గొర్రెలు రాకముందు అక్కడివారు తెల్లని బొచ్చు కుక్కలను ప్రత్యేకంగా పెంచి, వాటి బొచ్చుతో దుప్పట్లు నేసేవారు. ఆ జాతి కుక్కలు ఇప్పుడు లేవు.

ఇక ఇబ్బందులు కూడా రాయాలి, లేకపోతే నేను ఓడ కంపెనీ తరఫున రాస్తున్నానని బాబాయిగారు అంటారు. మధ్యాహ్నం వేళ అల్లికలవాళ్లకు ఇచ్చిన చోటు పేకాట గది కాదు, రాత్రి బారుగా నడిచే హాలు. ఆ మసక వెలుగులో నల్ల ఊలు పట్టుకుంటే కుట్లు లెక్కకు అందవు, పైగా పక్కనే క్విజ్ పోటీ మొదలై మైకు హోరెత్తిపోతుంది. ఓడ ఊగే రోజున తల వంచుకుని కాగితం మీది గళ్ల నమూనా చూస్తూ అల్లితే కడుపులో తిప్పుతుంది, ఎందుకంటే కళ్లు కదలిక లేదంటాయి, లోపలి చెవి ఉందంటుంది. అటువంటి రోజు చూడకుండా చేసుకోగలిగే సాదా అల్లికే మేలు, నోట్లో అల్లం మురబ్బా ఉంటే మరీ మేలు. గది కింది అంతస్తులో, ఓడ నడుమన తీసుకుంటే ఊగడం తక్కువ. మీకు అలాగే చూస్తాను.

సూదులకు ఆక్షేపణ లేదు. కత్తెర అలుగు నాలుగు అంగుళాలు మించకూడదు. ఇస్త్రీపెట్టె మాత్రం అగ్నిభయం వల్ల గదుల్లోకి రానివ్వరు. పొడుగు సూదులు జారి పడితే ఎక్కడికో దొర్లిపోతాయి కాబట్టి, రెండు మొనలనూ తీగతో కలిపిన గుండ్రటి సూదులే అందరూ వాడుతున్నారు. మీకోసం వెదురువి ఒక జత తీసి ఉంచాను, ఊలు వాటి మీద అంత తొందరగా జారదు.

ఊరికే కూర్చోవడం ఇష్టం లేనివారికి అక్కడ మరో పని కూడా దొరుకుతుంది. ఒకావిడ సంచీడు ఆక్రిలిక్ దారం తెచ్చి, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఆసుపత్రిలో ఇచ్చే టోపీలు అల్లమని ఖాళీ చేతులవాళ్లందరికీ పంచింది. అసలైన ఊలు ఎందుకు కాదంటే, ఆసుపత్రివాళ్లు వేడినీళ్లలో యంత్రంలో ఉతుకుతారు, ఊలు ముడుచుకుని గట్టిపడిపోతుంది. నెలల తరబడి ప్రపంచమంతా చుట్టే ఓడల్లో తలా ఒక చదరం అల్లి, అన్నీ కలిపి దుప్పట్లు చేసి దానం చేస్తారని ఆవిడే చెప్పింది. ఒకరి చెయ్యి బిగుతు, ఒకరిది వదులు, అందువల్ల కొలత ఒకటే ఇచ్చినా ఏ రెండు చదరాలూ సమానంగా రావట. చుట్టూ క్రోషాతో అంచు వేసి సరిచేసేవాళ్లు ఒకరుండాలి. ఆ పని ఎవరికి తగునో నాకు వెంటనే తోచింది. ఇవి కాక, టీచర్లను వెంటబెట్టుకుని, వేరే రుసుము కట్టించుకుని, అల్లికలకనే నడిపే ప్రత్యేక యాత్రలూ ఉన్నాయి గాని, మీకు టీచరు దేనికి?

హైదరాబాదులో మీరు అల్లిన స్వెట్టర్లన్నీ సంక్రాంతి దాకా నాలుగు వారాలు వేసుకుని, మళ్లీ నాఫ్తలీన్ ఉండలతో బీరువాలోకి పోయేవే కదా. ఇక్కడ జూలైలో కూడా ఓడ పైభాగాన స్వెట్టరు లేనిదే నిలబడలేం, రాత్రి పదింటికి కూడా అల్లుకోవడానికి చాలినంత వెలుతురు ఉంటుంది. బాబాయిగారు అడిగిన భోజనం సంగతి: శాకాహారం దొరుకుతుంది, ఊరగాయ మాత్రం మనమే తీసుకెళ్లాలి.

విక్టోరియా కెనడాలో ఉంది కాబట్టి, అమెరికా వీసాతో పాటు మీ ఇద్దరికీ కెనడా వీసా కూడా కావాలి. నానక్‌రామ్‌గూడ కాన్సులేటు పని ముగిసిన వెంటనే దానికీ దరఖాస్తు పెట్టించమని తమ్ముడికి చెప్పండి. బేగంబజారు వెళ్లినప్పుడు వైరు కట్టలు ఆరు రంగుల్లో కొని పెట్టుకోండి, సన్నరకం అయితే పెట్టెలో బరువు తగ్గుతుంది. ఈలోగా, వచ్చే ఆదివారం తమ్ముడు ఇంటికి వచ్చినప్పుడు అడుగు ఎత్తుకునే విధానం మాత్రం నెమ్మదిగా, చేతులు మాత్రమే కనిపించేలా వీడియో తీయించి పంపండి. మిన్నెసోటా ఆవిడ ఇప్పటికే దానికోసం అడిగింది.

ఇట్లు,
మీ శారద