ఓపిక ఒక్కటే చాలదండీ

సంపాదకుల వారికి,

పోయిన వారం మీ కెరీర్ పేజీలో చిన్నపిల్లల ప్రత్యేక విద్య గురించి, అంటే వైకల్యమో ఎదుగుదలలో ఆలస్యమో ఉన్న పసిపిల్లలకి నేర్పే పని గురించి, వచ్చిన వ్యాసం చదివిన రోజే ఉత్తరం రాయబోయాను. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. వారమైనా తగ్గలేదు.

'పిల్లలంటే ఇష్టం, కాస్త ఓపిక ఉంటే చాలు, అమ్మాయిలకు అనువైన ఉద్యోగం' అని రాశారు. పక్కన బెలూన్లు పట్టుకుని నవ్వుతున్న టీచరమ్మ ఫోటో. అదే పేజీలో కింద డేటా సైన్స్‌కి మాత్రం ఏం నేర్చుకోవాలి, ఏ పరీక్ష రాయాలి, ఎన్ని సెమిస్టర్లు అని సగం పేజీ ఇచ్చారు. అంటే కంప్యూటరుకి చదువు కావాలి, మాట రాని మూడేళ్ల బిడ్డకి ఓపిక సరిపోతుంది. బాగుంది మీ లెక్క.

ఓపిక సంగతి నాకు చెప్పకండి. 31 ఏళ్లు ప్రాథమిక పాఠశాలలో పనిచేసి రిటైరయ్యాను, నాకు బోలెడంత ఓపిక ఉండేది. పిలిస్తే తిరిగి చూడని ఒక పిల్లవాణ్ని చివరి వరసలో కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఒక్కసారి కసురుకోకుండా, చెయ్యి చేసుకోకుండా, ఐదేళ్లు ఏటా పై తరగతికి పంపిస్తూ వచ్చాను. ఐదేళ్లలో వాడికి ఐదు అక్షరాలు రాలేదు. ఊళ్లో అందరూ నన్ను మంచి మాస్టారనేవాళ్లు. మా అమ్మాయి డిగ్రీ తర్వాత ఈ చదువులో చేరి, ఇంట్లో పైకి చదువుకుంటుంటే పక్కనుంచి విన్నాక గానీ నేను చేసిన పనేమిటో నాకు తెలియలేదు. వాడు వినపడక తిరగలేదా, వినపడినా తనను పిలుస్తున్నారని తెలియక తిరగలేదా? ఆ రెంటికీ తేడా ఉంటుందనే నాకు తోచలేదు. నా బీఈడీలో ఎవరూ చెప్పలేదు మరి.

ఈ చదువులో ఏముంటుందో మీ విలేకరికి తెలియాలి కాబట్టి రెండు మాటలు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు సమస్య వల్ల ఒళ్లు స్వాధీనంలో లేని పాప బొమ్మ పట్టుకోలేకపోతుంటే మనం చేతి వంకే చూస్తాం. వాళ్లు ముందు కుర్చీ చూస్తారు. పాదాలు కింద ఆనాలి, నడుముకి ఆసరా దొరకాలి, ఒళ్లు కుదురుగా నిలిస్తేనే చెయ్యి పని చేస్తుంది. చేతులు కడుక్కోవడం మనకి ఒక పని, వాళ్ల లెక్కలో పదీ పన్నెండు చిన్న పనులు. పిల్లవాడు ఎక్కడ ఆగిపోతున్నాడో చూసి, మొదట చెయ్యి పట్టి చేయించి, తర్వాత మోచెయ్యి తాకి, ఆ తర్వాత వేలితో చూపించి, చివరికి ఏమీ చెయ్యకుండా పక్కన నిలబడాలి. ఆ నిలబడటమే అన్నిటికన్నా కష్టం నాన్నా అంటుంది మా అమ్మాయి. సాయం ఎప్పుడు తగ్గించాలో మనసుకి తోచినట్టు కాదు, రోజూ రాసుకున్న కాగితం చూసి తేల్చుకోవాలి. ఇక బిడ్డ టీచరు దగ్గర ఉండేది వారానికి రెండు మూడు గంటలైతే మిగతా కాలమంతా ఇంట్లోనే కాబట్టి, నేర్పాల్సింది అసలు తల్లిదండ్రులకి. స్నానంలో, బట్టలు తొడిగేటప్పుడు, ఆటలో ఏం చెయ్యాలో వాళ్లకి చూపించాలి. బిడ్డకి ఏదో ఉందని అప్పుడే విని ఇంకా నమ్మలేని తల్లితో ఎలా మాట్లాడాలో కూడా నేర్చుకోవాలి. అమెరికాలో 1986లో ప్రత్యేక విద్య చట్టం మార్చి మూడేళ్ల లోపు పిల్లల్ని చేర్చినప్పుడు, వాళ్లకి రాసే ప్రణాళికలో కుటుంబాన్ని పేరులోనే పెట్టారు, ఆరు నెలలకోసారి తిరిగి చూడాలన్నారు.

మనకీ చట్టాలు తక్కువేం కాదు. ఈ పని చేసేవాళ్లు, దివ్యాంగులకి నేర్పే కోర్సులకి గుర్తింపునిచ్చే భారత పునరావాస మండలిలో రిజిస్టరు కావాలని 1992 చట్టం చెబుతోంది. మీ వ్యాసంలో ఆ ముక్కే లేదు! అది చదివి ఏ గుర్తింపూ లేని మూడు నెలల సర్టిఫికెట్ కోర్సులో చేరే పిల్లల సంగతేమిటి? 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, చాలా సంతోషం, కానీ ఉచిత విద్య హక్కు మాత్రం ఆరేళ్ల నుంచి మొదలు. 2009 విద్యాహక్కు చట్టమూ అంతే. ఇక 2020 జాతీయ విద్యా విధానమేమో ఆరేళ్ల లోపే మెదడు ఎదుగుదల 85 శాతానికి పైగా అయిపోతుందని రాసింది. ఒక కాగితం రాసినవాళ్లు ఇంకో కాగితం చదవరా?

2013లో పిల్లల ఆరోగ్యాన్నీ ఎదుగుదలనీ పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది, జిల్లా సత్వర చికిత్స కేంద్రాల సిబ్బంది జాబితాలో ఈ చదువు చదివినవాళ్లకీ ఒక పోస్టు పెట్టారు. ఒక జిల్లా మొత్తానికి, ఒక పోస్టు. 2023లో దివ్యాంగ పిల్లల కోసం అంగన్‌వాడీ ప్రోటోకాల్ ప్రకటించారు. అంటే బరువులు తూచి, ఫోన్లో యాప్‌లు నింపే టీచరు నెత్తిన ఇంకో బరువు. బిడ్డ ఎదుగుదలలో ఆలస్యాన్ని ఆమె గుర్తిస్తుంది సరే, గుర్తించాక ఎవరి దగ్గరికి పంపాలి? మా రోజుల్లో ఇన్‌స్పెక్టరు వస్తే కనీసం పిల్లల్ని లేపి ప్రశ్నలడిగేవాడు. ఇప్పుడొచ్చినవాళ్లు ఫోటో తీసుకుని, అప్‌లోడ్ అయిందా అని రెండుసార్లు చూసుకుని వెళ్లిపోతున్నారు.

ఇక మీరు రాసిన 'విస్తృత అవకాశాలు'. ఆసుపత్రులు, ప్రీస్కూళ్లు, ఇళ్లకి వెళ్లి నేర్పడం, టీచర్లకి శిక్షణ, పరిశోధన, అన్నీ నిజమే, కాదనను. మా అమ్మాయి ఒకచోట ఇంటర్వ్యూకి వెళితే, ఖాళీ టైంలో రెండో తరగతి లెక్కలు చెప్తావా, ఆఫీసు ఫైళ్లు చూస్తావా అని అడిగారు. ఆ పనిలో ఖాళీ టైం ఉంటుందని వాళ్లకి ఎవరు చెప్పారో! ఇప్పుడున్నచోట ఏటా కాంట్రాక్టు రెన్యూవల్, మార్చి వస్తే ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఆమెతో చదివినవాళ్లలో ఇద్దరు ఈ పనే మానేశారు. ఒకమ్మాయి బ్యాంకులో చేరింది.

వచ్చే వారం సవరణ వేస్తారో లేదో మీ ఇష్టం. వేస్తే ఆ మండలి రిజిస్ట్రేషన్ సంగతి, గుర్తింపు ఉన్న కోర్సు ఏదో చూసుకుని చేరమన్న మాట కాస్త పెద్ద అక్షరాల్లో వెయ్యండి. ఆ బెలూన్ల ఫోటో కూడా తీసేయండి. ఆ పిల్లల్లో కొందరికి బెలూన్ పేలిన చప్పుడంటే చెవులు మూసుకునేంత భయమట, అదీ మా అమ్మాయే చెప్పింది.

– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు