ఎడమవైపు నుంచి మొదలుపెట్టు

కన్నా,

ఆగస్టు ఆఖర్లో సెకండరీ స్కూల్లో ఫస్ట్ ఇయర్‌లో చేరుతున్నావు. యూనిఫాం, పుస్తకాలు, లాకర్ తాళం అన్నీ సర్దేశాం. హర్లింగ్ సంగతొక్కటే మిగిలింది, అదే కర్రతో చిన్న బంతిని కొట్టి ఆడే ఈ ఐర్లండ్ ఆట. నోటితో చెబితే సగం చెవికెక్కదు, అందుకే రాసి నీ కిట్ బ్యాగ్ పక్క జేబులో పెడుతున్నాను. ఒక్కసారి చదివి పడేయకు. ఆడుతూ ఉంటే మళ్ళీ చూసుకోవాల్సిన విషయాలు ఇందులో ఉన్నాయి.

మొదటిరోజు ఆ కారిడార్‌లో నడుస్తుంటే గోడ పొడుగునా జట్ల ఫొటోలు కనిపిస్తాయి. మధ్యలో కూర్చున్న కెప్టెన్ ఒళ్ళో కప్పు, వాళ్ళ కాళ్ళ ముందు గడ్డిలో అడ్డంగా పెట్టిన హర్లీలు, అంటే హర్లింగ్ కర్రలు. ఐర్లండ్‌లో మగపిల్లల క్యాథలిక్ స్కూళ్ళలో చాలావాటికి ఇలాంటి గోడ ఉంటుంది. అది ఎలా వచ్చిందో తెలిస్తే నీకు బెరుకు తగ్గుతుంది.

క్యాథలిక్కులు బడులు పెట్టుకోవడాన్ని నిషేధించిన చట్టాలు సడలింది 1782లో. అదే ఏడాది కిల్కెన్నీలో సెయింట్ కీరన్స్ కాలేజ్ మొదలైంది. పేరుకి కాలేజే గానీ అది సెకండరీ స్కూలే. 1802లో వాటర్‌ఫర్డ్‌లో ఎడ్మండ్ రైస్ పేదపిల్లలకు బడి తెరిచాడు, బడులు నడిపే క్యాథలిక్ సంఘం క్రిస్టియన్ బ్రదర్స్ అక్కడినుంచి పుట్టింది. 1811లో కార్క్‌లో నార్త్ మొనాస్టరీ వచ్చింది. 1884 నవంబర్ 1న థర్లెస్‌లోని హేస్ హోటల్‌లో ఐరిష్ ఆటల సంఘం జీఏఏ (గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్) ఏర్పడితే దానికి మొదటి పోషకుడు క్యాషెల్ ఆర్చ్‌బిషప్ థామస్ క్రోక్. డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ స్టేడియానికీ, స్కూళ్ళ అఖిల ఐర్లండ్ హర్లింగ్ కప్పుకీ ఆయన పేరే. మన్‌స్టర్ ప్రాంతం స్కూళ్ళు 1918 నుంచి ఆడుతున్న హార్టీ కప్పుది కూడా ఒక ఆర్చ్‌బిషప్ పేరే. చర్చి, బడి, ఆట ఈ దేశంలో ఒకే పందిరి కింద పెరిగాయి.

అయితే క్యాథలిక్ స్కూళ్ళన్నీ హర్లింగే ఆడవు. డబ్లిన్ చుట్టుపక్కల బ్లాక్‌రాక్, బెల్వెడీర్, కిల్డేర్‌లో జెస్యూట్ పాదిరీల క్లాంగోస్ వుడ్ లాంటివి రగ్బీ పట్టుకున్నాయి. డబ్లిన్ ఉన్న లెన్‌స్టర్ ప్రాంతం స్కూళ్ళ రగ్బీ కప్పు 1887 నుంచి నడుస్తోంది. జీఏఏ స్థాపకుల్లో ముఖ్యుడైన మైకేల్ క్యూసాక్ బ్లాక్‌రాక్‌లో, క్లాంగోస్‌లో పాఠాలు చెప్పినవాడే. ఈ మాట నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది.

క్రోక్ కప్పు అందరికంటే ఎక్కువసార్లు గెలిచింది సెయింట్ కీరన్స్. పది ఆల్-ఐర్లండ్ (దేశ ఛాంపియన్‌షిప్) పతకాలు సాధించిన హెన్రీ షెఫ్లిన్, మేనేజర్‌గా కిల్కెన్నీ జట్టుకి పదకొండు ఆల్-ఐర్లండ్ టైటిళ్ళు తెచ్చిన బ్రయన్ కోడీ అక్కడ చదువుకున్నవాళ్ళే. నార్త్ మొనాస్టరీలో ఆడిన జాక్ లించ్ 1941 నుంచి 1946 దాకా వరసగా ఆరేళ్ళు ఆల్-ఐర్లండ్ పతకాలు గెలిచాడు. అందులో 1945ది గేలిక్ ఫుట్‌బాల్‌లో వచ్చింది, మిగతా ఐదూ హర్లింగ్‌లో. 1966లో దేశ ప్రధాని కూడా అయ్యాడు. వీళ్ళెవ్వరికీ ఆటకు జీతం లేదు. జీఏఏలో ఇప్పటికీ లేదు. నీకు కోచింగ్ ఇచ్చే మాస్టార్లు కూడా క్లాసులయ్యాక తమ సాయంత్రాలు ఇచ్చి నిలబడేవాళ్ళే. ప్రాక్టీసుకి ఆలస్యంగా వెళ్ళేముందు అది గుర్తుతెచ్చుకో.

ఇప్పుడు అసలు సంగతి. నీ క్లాసులో చాలామంది ఐదారేళ్ళ వయసు నుంచే తమ పారిష్ (చర్చి పరిధిలోని ఊరు) క్లబ్‌లో హర్లీ పట్టినవాళ్ళు. నువ్వు క్రికెట్ చేతులతో వెళ్తున్నావు. పరుగు, చూపు, ధైర్యం నీకున్నాయి. లేనిది బంతితో చనువు, అంటే ఆగకుండా, చూసుకోకుండా బంతిని అదుపులోకి తీసుకోవడం. ఆ ఆరేళ్ళ తేడా ఉన్నది అక్కడే, దాన్ని ఒంటరిగా కూడా తగ్గించుకోవచ్చు.

ముందు నీ పట్టు మారాలి. క్రికెట్‌లో నీ ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద ఉంటుంది. హర్లీకి అలా పట్టకు. కుడిచెయ్యి కర్ర పైకొసన ఉండాలి, ఎడమది కింద. ఎందుకంటే హర్లింగ్‌లో ఒక చెయ్యి ఎప్పుడూ కర్ర వదిలి బంతి అందుకుంటూ ఉంటుంది. వదిలేది ఎడమచెయ్యి, కర్ర మిగిలేది బలమున్న కుడిచేతిలో. పరిగెత్తేటప్పుడు, అవతలివాడి దెబ్బకు అడ్డం పెట్టేటప్పుడు ఒంటిచేత్తో కర్ర నిలవాలంటే ఇదే దారి. కొట్టే క్షణంలో ఎడమచెయ్యి జారి పైకొచ్చి కుడిచేతికి ఆనుకుంటుంది. మొదటి రెండు వారాలు ఎబ్బెట్టుగా ఉంటుంది, బంతి ఎటో పోతుంది. ‘ఈ ఒక్క మ్యాచ్‌కి పాత పట్టు పడతా’ అనుకున్నావా, ఆ అలవాటు ఇక వదలదు.

కర్ర కొలత: బూట్లు వేసుకుని నిటారుగా నిలబడి హర్లీని కాలి పక్కన నిలబెడితే దాని పైకొస నీ తుంటి ఎముక దగ్గరికి రావాలి. పెద్దవాళ్ళవి 35, 36 అంగుళాలు ఉంటాయి, నీకవి వద్దు. కర్ర పొడుగైతే ఊపు పెద్దదవుతుంది, ఊపు పెద్దదైతే వెనకనుంచి ఎవడో తన కర్ర జొప్పించి నీ దెబ్బ ఆపేస్తాడు. కొనేటప్పుడు చెక్క గీతలు చూడు. బంతిని కొట్టే వెడల్పాటి భాగాన్ని బాస్ అంటారు, కర్ర బాస్ దగ్గర వంగినట్టే గీతలూ వంగాలి. అందుకే హర్లీని యాష్ చెట్టు మొదలు నుంచి, వేరు తిరిగే చోటినుంచి కోస్తారు. గీతలు వంపు తిరగకుండా నేరుగా అంచుదాకా పోతే గట్టి దెబ్బకు అక్కడే విరుగుతుంది. 2012లో యాష్ చెట్లకు తెగులు ఈ దేశానికి వచ్చినప్పటినుంచి మంచి చెక్క దొరకడం కష్టమైంది. వెదురువి, సింథటిక్‌వి కూడా వస్తున్నాయి. నేర్చుకునేవాడికి వాటితో ఇబ్బందేమీ లేదు.

నీకు రెండు కొన్నాం. మ్యాచ్‌కి రెండూ తీసుకెళ్ళు. తడిసిన కర్రను రేడియేటర్ మీద ఆరబెట్టకు, పగులుతుంది. గుడ్డతో తుడిచి నీడన ఉంచు. బాస్ కొసన చుట్టిన రేకు పట్టీ లేచిందేమో ప్రతి మ్యాచ్ ముందూ వేలితో కాదు, గుడ్డతో తడిమి చూసుకో. లేచిన రేకు చెయ్యి కోస్తుంది.

బంతి పేరు స్లిటర్. లోపల బెండు, పైన తోలు, ఉబ్బెత్తు అంచులు. పెద్దవాళ్ళది 69 నుంచి 72 మిల్లీమీటర్ల అడ్డుకొలత, 110 నుంచి 120 గ్రాముల బరువు. నేలమీద ఉన్న బంతిని చేత్తో తీయకూడదు, తీస్తే ఫౌల్. కర్రతోనే లేపాలి. నీ ఆటంతా ఇక్కడే తేలుతుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఒక పద్ధతి పొడిచి లేపడం. ఎడమపాదం బంతి పక్కకు రావాలి. మోకాళ్ళు బాగా వంచు, నడుమూ వంచు, తల బంతి మీదికి రావాలి. కర్ర దాదాపు నేలకు సమాంతరంగా పడుకోవాలి, బొటనవేళ్ళు రెండూ బాస్ వైపు చూడాలి. బాస్ కొసను బంతి కిందికి చురుగ్గా పొడిచి కొద్దిగా ఎత్తితే బంతి మోకాలి ఎత్తుకు లేస్తుంది, ఎడమచెయ్యి అక్కడే ఉండి అందుకోవాలి. కొత్తవాళ్ళ తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే: వంగరు. నడుము వంగకపోతే కర్ర నిలువుగా దిగుతుంది, నిలువు కర్ర బంతిని లేపదు, ముందుకు నెడుతుంది. బంతి నీ ముందు రెండడుగులు దొర్లిపోతే కారణం చేతుల్లో వెతక్కు, మోకాళ్ళలో చూడు. రెండోది దొర్లించి లేపడం: బాస్‌ని బంతి మీద ఆనించి నీవైపు లాగి, దొర్లుతుండగానే కొసను కిందికి దూర్చాలి. నిలిచిన బంతికి ఇది హాయి. పరుగులో మాత్రం మొదటిదే. బిళ్ళంగోడు ఆడేవాళ్ళు బిళ్ళ కొసను తట్టి గాల్లోకి లేపుతారు చూడు, ఆ ఒడుపు లాంటిదే ఇదీ. బలంతో పనిలేదు.

చేతిలోకి వచ్చాక నాలుగు అడుగుల కంటే ఎక్కువ మోయకూడదు. చేతిలోకి తీసుకోవడం కూడా రెండుసార్లే, ఆ తర్వాత కొట్టాలి లేదా అందించాలి. బాస్ మీద నిలబెట్టుకుని మాత్రం ఎంత దూరమైనా పరిగెత్తొచ్చు. చేత్తో అందించేటప్పుడు అరచేత్తో కొట్టినట్టు స్పష్టంగా కనిపించాలి, విసిరినట్టుంటే రెఫరీ అవతలి జట్టుకు ఫ్రీ దెబ్బ ఇచ్చేస్తాడు. క్రికెట్ ఫీల్డింగ్ అలవాటున్న పిల్లల చేతినుంచి ఈ తప్పు ఎక్కువగా వస్తుంది, జాగ్రత్త. బంతి గోల్ స్తంభాల మధ్య అడ్డకడ్డీ మీదుగా పోతే ఒక పాయింట్, కింద వలలోకి పోతే గోల్, అంటే మూడు.

ఇంటి దగ్గర గ్యారేజీ గోడ ఉంది. రోజుకి ఇరవై నిమిషాలు చాలు. ఐదు మీటర్ల దూరంలో నిలబడి కుడివైపు నుంచి యాభై, ఎడమవైపు నుంచి యాభై. కుడిచేతివాళ్ళలో ఎక్కువమందికి ఎడమవైపు దెబ్బ బలహీనం. అది తెలిసిన డిఫెండర్ ప్రతిసారీ నిన్ను అటే తోస్తాడు. అందుకే అలసిపోకముందే ఎడమవైపు చేసెయ్యి, కుడివైపు తర్వాత. బంతిని భుజం దాటి పైకి ఎగరేయకు. ఎంత ఎత్తు ఎగరేస్తే అంతసేపు కింద పడేదాకా కాచుకోవాలి, ఆ అర సెకనులో ఎవడో వచ్చి అడ్డుకుంటాడు. గోడనుంచి తిరిగొచ్చేది చేత్తో కొన్ని, కర్రతో ఆపి కొన్ని అందుకో. వరసగా ఇరవై జారకపోతే రెండు మీటర్లు వెనక్కి జరుగు.

భయం గురించి. అవతలివాడు కర్ర ఎత్తి ఊపబోతున్నప్పుడు నీ ఒళ్ళు వెనక్కి లాగుతుంది. అది అందరికీ సహజమే, కానీ దెబ్బ తగిలేది సరిగ్గా ఆ వెనకడుగు వేసిన చోటే, ఎందుకంటే ఊపు పూర్తి వేగం అందుకునేది అక్కడ. ఒక అడుగు ముందుకేసి అతని చేతుల దగ్గరికి వెళ్ళిపోతే ఊపు ఇంకా మొదట్లోనే ఉంటుంది, నీ కర్రకు తగిలి ఆగుతుంది. ఎత్తు బంతి అందుకునేటప్పుడు మాత్రం చెయ్యి ఒంటరిగా పైకి పోకూడదు. కుడిచేతిలోని కర్ర అడ్డంగా లేచి ఆ చేతికి కాపు కాయాలి.

2010 నుంచి ఫేస్ గార్డ్ ఉన్న హెల్మెట్ అందరికీ తప్పనిసరి. లోపల ఐ.ఎస్. 355 అని ముద్ర ఉంటుంది. పెద్ద పిల్లలు కొందరు చూపు బాగుంటుందని ముందు కడ్డీలు వంచుకుంటారు, ఒకటి తీసేస్తారు. నువ్వు ముట్టుకోవద్దు. ఆ ఖాళీలోంచి కర్ర కొస కంటిదాకా పోతుంది. హెల్మెట్ కదిపితే నుదుటి చర్మం కూడా దాంతో కదలాలి, అప్పుడే సరిపోయినట్టు.

బంతి వేలి కొసకు తగిలి కొన కణుపు వాలిపోయి, నీ అంతట నువ్వు దాన్ని చాపలేకపోతే ‘బెణికిందిలే’ అనుకుని ఊరుకోకు, ఎవర్నీ లాగనివ్వకు. దానికి ఆరు వారాలకు తక్కువ కాకుండా బద్ద కట్టి ఉంచాలి, నిర్లక్ష్యం చేస్తే వేలు అలాగే ఉండిపోతుంది. తలకు దెబ్బ తగిలి మైకం, వాంతి, కళ్ళు బైర్లు, జ్ఞాపకం తడబడటం ఏ ఒక్కటి వచ్చినా ఆ రోజు ఆట ఆపెయ్. లక్షణాలు మర్నాడు కూడా రావచ్చు. దాచావని తెలిస్తే నాకు కోపం కంటే బాధ ఎక్కువ కలుగుతుంది, నాన్నా.

జట్టులో పదిహేనుమందే. ఫస్ట్ ఇయర్ జట్టులో ఈ ఏడాది బెంచీ మీదే కూర్చోవలసి రావచ్చు. అప్పుడు ఫోన్ చూడకు. నువ్వు ఆడబోయే స్థానంలో ఉన్నవాడు బంతి లేనప్పుడు ఎక్కడ నిలబడుతున్నాడో చూడు. మ్యాచ్ ఉన్న రోజు పోయిన పాఠం నోట్సు మర్నాడే రాసుకో. మూడో ఏడాది చివర జూనియర్ సైకిల్ పరీక్షలు, ఆరో ఏడాది జూన్‌లో స్కూలు ఆఖరి పరీక్ష లీవింగ్ సర్ట్ ఎవరి కప్పు కోసమూ ఆగవు.

మ్యాచ్ ముందు జట్టంతా ప్రార్థన చేస్తే తలవంచి నిలబడు, అది మర్యాద. మతబోధ క్లాసులో కూర్చోవాలా వద్దా అన్నది వేరే. ప్రభుత్వ సొమ్ము తీసుకునే స్కూలు నిన్ను బలవంతపెట్టకూడదని ఈ దేశ రాజ్యాంగంలోనే ఉంది. నీకేది ఇష్టమో నాన్నకీ నాకూ చెప్పు, ప్రిన్సిపల్‌తో మేం మాట్లాడతాం.

రెండో హర్లీకి పట్టు టేపు ఇంకా చుట్టలేదు, బ్యాగులోనే ఉంది. శనివారం పొద్దున చుట్టుకుందాం, తర్వాత గోడ దగ్గరికి వెళ్దాం. జారిన బంతులు తెచ్చిచ్చే పని నాది.

అమ్మ