కార్డులు చించకండి, ఆట నేర్పండి

సంపాదకులు గారికి నమస్కారం.

మా అంగడి చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఒక బడికి ఎదురుగా ఉంది. నోటు పుస్తకాలు, పెన్నులు, చిల్లర బొమ్మలు అమ్ముతాను. పోయిన నెల ఆ బడిలో ఒక అయ్యవారు ఆరో తరగతి పిలకాయల సంచులు వెతికి, దొరికిన పోకెమాన్ (జపాను కార్టూన్ జీవుల బొమ్మలుండే) కార్డులన్నీ చించి చెత్తబుట్టలో పడేశారు. "ఇది జూదం" అన్నారట. సాయంత్రం వాళ్లలో ఒకడు మా అంగడి మెట్టు మీద కూర్చొని, చినిగిన ముక్కలు రెండూ కలిపి పట్టుకొని ఏడ్చాడు. ఆ కార్డులు వాడికి అమ్మింది నేనే. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అయ్యవారి కోపంలో న్యాయం లేకపోలేదు. ప్యాకెట్టు పది రూపాయలు. లోపల ఏముందో కొనేవాడికి తెలీదు. మెరిసే కార్డు వస్తుందేమోనని ఇంకోటి, ఇంకోటి కొంటారు. ఒక పిల్లాడు మధ్యాహ్నం తినమని ఇంట్లో ఇచ్చిన డబ్బంతా వారం రోజులు తెచ్చి నా గల్లాపెట్టెలోనే పోశాడని నాకు తర్వాత తెలిసింది. అప్పటి నుంచి మనసు మనసులో లేదు. పైగా అవి అసలు కార్డులు కూడా కావు. బెంగళూరులో పనిచేసే మా అక్క కొడుకు వచ్చినప్పుడు చూసి, "చిన్నమ్మా, ఇవి నకిలీవి" అని తన కార్డు పక్కన పెట్టి చూపించాడు. అసలుదాని వీపు ముదురు నీలం, నడుమ ఎరుపూ తెలుపూ బంతి, అట్ట గట్టిది. నావి పలచన, అక్షరాల నిండా తప్పులు, బలం రాసే చోట వేలల్లో అంకెలు. అసలు కార్డుల్లో వేలు ఉండనే ఉండవు. ఆ రోజే ప్యాకెట్ల సరాలు దించేశాను.

ఆ వేల అంకెలు చూసే మా వీధి పిలకాయలు ఒక ఆట కట్టుకున్నారు. చెరో కార్డు వేస్తారు, ఎవడి అంకె పెద్దదైతే వాడు రెండూ తీసుకుంటాడు. అది జూదమే. కానీ జపానులో 1996లో మొదలై, 1999లో ఇంగ్లీషులోకి వచ్చిన ఆట అది కాదు. మా అక్క కొడుకు రెండు రాత్రులు కూర్చోబెట్టి నాకు అసలు ఆట నేర్పించాడు.

ఒక్కొక్కరికి 60 కార్డులు. కొట్టడానికి శక్తినిచ్చే మామూలు ఎనర్జీ కార్డులు తప్ప ఒకే పేరువి నాలుగుకు మించకూడదు. ఏడు చేతిలోకి తీసుకొని, ఒక పోకెమాన్‌ను ముందు నిలబెట్టి, వెనక బెంచీ మీద ఐదింటి దాకా పెట్టుకోవచ్చు. ఇంకో ఆరు కార్డులు పక్కన బోర్లా పెడతారు, వాటిని ప్రైజులంటారు. ఈ మాట దగ్గరే మావాళ్లు పొరబడ్డారు. ప్రైజంటే అవతలివాడి కార్డు లాక్కోవడం అనుకున్నారు. నిజానికి ఎదుటి పోకెమాన్‌ను పడగొట్టినప్పుడు మన ఆరింట్లోంచే మనం తీసుకుంటాం. ఆరూ ముందుగా తీసుకున్నవాడు గెలిచినట్టు. ఆట అయిపోయాక ఎవరి 60 వాళ్లు లెక్కపెట్టుకొని ఇంటికి పోతారు. ఎవరికీ ఒక్క కార్డు తగ్గదు.

పిలకాయలందరికీ నిప్పు కక్కే చారిజార్డ్ అనే పోకెమాన్ అంటే ప్రాణం. మొదటి ఇంగ్లీషు సెట్టులో అది తట్టుకునే బలం 120, కొట్టే దెబ్బ 100. అది చేతిలో ఉంటే చాలు, గెలిచేసినట్టే అనుకుంటారు. కానీ ముందు దాని పిల్ల రూపం చార్మాండర్‌ను దించి, తర్వాతి వంతులో నడిమి రూపం చార్మీలియన్ చేసి, ఆ పై వంతులో గానీ దాన్ని తేలేం. కొట్టడానికి నాలుగు ఎనర్జీలు కావాలి, మామూలుగా వంతుకు ఒక్కటే పెట్టనిస్తారు. కొట్టాలంటే అందులో రెండు పారేయాలి. పైగా నీటి జాతి కొడితే దానికి రెట్టింపు తగులుతుంది. అదే సెట్టులోని నీటి జాతి బ్లాస్టాయిస్ 60 కొడితే 120 అయి ఒక్క దెబ్బకే కూలిపోతుంది. ఆ బ్లాస్టాయిస్‌కేమో మెరుపు పడదు. బలం 40 మాత్రమే ఉన్న మెరుపు జాతి పికాచూ 30 కొడితే దానికి 60 తగులుతుంది. పెద్ద అంకె ఒక్కటే చూసుకున్నవాడు ఇందులో ఓడిపోతాడు.

కొనమని నేనెవరికీ చెప్పడం లేదు. అమ్ముడుపోని శుభలేఖల అట్టలు కత్తిరించి, ఫోనులో చూసుకుంటూ బాల్‌పెన్నుతో పేరు, బలం, దెబ్బ రాసి రెండు జతలు తయారుచేశాం. దెబ్బల లెక్కకు చింతగింజలు, గింజకు పది. ఏడ్చిన ఆ పిల్లాడే మూడో రోజు, "అక్కా, నాలుగు ఎనర్జీలు నిండేదాకా చారిజార్డ్‌ను బెంచీలోనే ఉంచుతా, అప్పటిదాకా చిన్నవాటితో కాచుకుంటా" అన్నాడు. మా అమ్మ గుడి అరుగు బండ మీద గీతలు గీసి పులిజూదం ఆడేది. మేకలతో పులిని కట్టేయడానికి ఎంత ఓపిక పట్టేదో! దాని పేరులోనే జూదం ఉంది, అయినా పైసా పందెం ఎవరూ కట్టింది లేదు. వీడి మాట విన్నప్పుడు నాకు మా అమ్మే గుర్తొచ్చింది. ఇంగ్లీషు పుస్తకం చూస్తే మొహం తిప్పుకునేవాడు, 'డిస్కార్డ్', 'రిట్రీట్' అంటే ఏంటని తనంతట తానే అడిగి రాసుకున్నాడు.

ఈ ఆటకు 2004 నుంచి ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి, అందులో చిన్నపిల్లలకు వేరే విభాగముంది. మనకు అంత దూరం అక్కర్లేదు. మన జిల్లా గ్రంథాలయంలో ఆదివారం పొద్దున ఒక బల్ల, రెండు బెంచీలు ఇస్తే చాలు. చదరంగానికి ఇచ్చే మర్యాద దీనికీ ఇవ్వండి. నాతోటి అంగళ్ల వాళ్లను చేతులెత్తి అడుగుతున్నాను. లోపల ఏముందో తెలియని ప్యాకెట్లు బడి ముందర వేలాడదీయొద్దు. జూదం ఉంటే ఆ కొనడంలోనే ఉంది. నేనూ అమ్మాను, ఇక అమ్మను.

అంతవరకు ఆదివారం పదకొండు దాకా మా అంగడి అరుగు మీదే ఆడుకుంటున్నారు. ఆ అయ్యవారు కూడా ఒకసారి రావాలని నా కోరిక. ఆయనకు ఆట నేర్పడానికి ఆ పిల్లాడు తన జత కార్డులు వేరుగా కట్టి పెట్టుకున్నాడు.

ఇట్లు,
ఒక పుస్తకాల అంగడి యజమానురాలు,
గ్రీమ్స్‌పేట, చిత్తూరు.