దసరా సెలవుల్లో పిలకాయలకి తోకచుక్క చూపించండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం,

సెలవుల హోంవర్క్ క్లాస్ టీచర్లు గ్రూపుల్లో పెట్టేశారు, మిగతా సంగతులు బడి తెరిచాక మాట్లాడుకుందాం. ఈ 2024 అక్టోబర్ లెటర్ అంతా తోకచుక్క గురించే.

దాని పేరు సుచిన్షాన్-అట్లాస్. 2023 జనవరిలో చైనా అబ్జర్వేటరీ వాళ్ళు, ఫిబ్రవరిలో సౌతాఫ్రికాలో ఉన్న అట్లాస్ టెలిస్కోప్ వాళ్ళు విడివిడిగా కనిపెట్టారు, అందుకే ఆ జంట పేరు. గ్రహాలన్నీ దాటి ఎంతో దూరాన ఉండే ఊర్ట్ మేఘం నుంచి వచ్చిన మంచూ దుమ్మూ కలిసిన ముద్ద అది, సెప్టెంబర్ 27న సూర్యుడికి దాదాపు 6 కోట్ల కిలోమీటర్ల దగ్గరికి పోయి తిరుక్కుంది. 2013లో ఐసాన్ అనే తోకచుక్క సూర్యుడి దగ్గర ముక్కలైపోయింది, ఇది కూడా పగిలిపోతుందని మొన్న జూలైలో ఒక సైంటిస్ట్ రాశారు కానీ నిలబడింది. తుమ్మలపెంట బీచ్‌కి తెల్లారుజామునే పోయి సముద్రం మీద చూసొచ్చిన పేరెంట్స్ కొందరు ఫొటోలు కూడా పంపారు, చాలా సంతోషం.

ఆరో తరగతి పాప ఒకతి "తోకచుక్క వస్తే ఊరికి కీడంట, మా అవ్వ బయటికి రావద్దనింది" అని చెప్పింది. పెద్దవాళ్ళ మాట కాదనడం నా ఉద్దేశం కాదు. కానీ 1910లో భూమి హేలీ తోకచుక్క తోకలోంచి పోతుంది, అందులో విషవాయువు ఉంది అని అమెరికాలో జనం భయపడి మాత్రలు కూడా కొనుక్కున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. ఇప్పుడు వచ్చింది బాగా దగ్గరికొచ్చినా మనకి 7 కోట్ల కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది, అది అక్టోబర్ 12న, అంటే సరిగ్గా దసరా రోజు. దయచేసి పిల్లల్ని భయపెట్టొద్దు.

మా సైన్స్ సార్ టేబుల్ ఫ్యాన్ పెట్టి, బంతికి రిబ్బన్లు అంటించి దాని చుట్టూ తిప్పి చూపించారు, బంతి ఎటు పోతున్నా రిబ్బన్లు ఫ్యాన్‌కి అవతలి వైపే ఎగిరాయి. తోక కూడా అంతే, సూర్యుడి కాంతీ, సూర్యుడి నుంచి వీచే కణాల గాలీ నెట్టడం వల్ల ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కుకే ఉంటుంది. వెనక్కి పోయేటప్పుడు తోకే ముందు పోతుందన్నమాట! ఇది అర్థమైనప్పుడు పిలకాయల మొహాలు చూడాల్సింది, మీరూ ఇంట్లో అడిగి చెప్పించుకోండి.

ఇప్పుడు చూసే పద్ధతి. 12 నుంచి సాయంత్రం పూట పడమర దిక్కున, ఉదయగిరి వైపు. దసరా రోజు జమ్మి చెట్టు దగ్గరికి ఎలాగూ ఊరి బయటికి పోతాం కదా, అక్కడే ఆగి చూడండి, కాకపోతే 12, 13 తేదీల్లో చాలా కింద ఉంటుంది, సూర్యుడు దిగిన అరగంటకి చూడాలి, తర్వాత రోజురోజుకీ పైకొస్తుంది. పడమర వైపు చెట్లు, బిల్డింగులు అడ్డం లేని చెరువు కట్ట అయితే మేలు. ఎడమ వైపు బాగా మెరిసేది శుక్రుడు, దానికి కుడి పక్కన వెతకండి. ఫొటోల్లో లాగా ఉండదని ముందే చెప్పండి, మసక మచ్చా పైకి లేచిన తోకా, అంతే. ఫోన్‌ని గోడ మీద కదలకుండా పెట్టి నైట్ మోడ్‌లో తీస్తే కంటికంటే బాగా వస్తుంది. బైనాక్యులర్స్ ఉంటే సూర్యుడు పూర్తిగా దిగాకే పిల్లల చేతికివ్వండి, ఈ ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. 17న పున్నమి కాబట్టి వెన్నెల ఎక్కువ, 20 నుంచి మళ్ళీ కాసేపు చీకటి దొరుకుతుంది కానీ అప్పటికి వెలుగు తగ్గుతుంది.

హైదరాబాద్‌లో పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు గారు 1949లో అమెరికాలో చదువుకుంటా ఒక ఫొటో ప్లేట్ మీద కొత్త తోకచుక్కని కనిపెట్టారు, దానికి ఆయన పేరు కూడా ఉంది. ఆయన కూడా చిన్నప్పుడు మన పిల్లల్లాగే ఆకాశం చూసుకుంటా పెరిగినాయనే. ఈ తోకచుక్క మళ్ళీ రావాలంటే వేల వేల ఏళ్ళు, అసలు రాకపోవచ్చు కూడా, అందుకే ఇంతగా అడుగుతున్నా.

మబ్బుల కాలం, కనపడకపోయినా పర్లేదు. పోయిన రోజు, టైము, కనపడింది బొమ్మగా, లేకపోతే "మబ్బు" అని రాసి బడి తెరిచిన రోజు పంపండి, అన్నీ ల్యాబ్ గోడకి అంటిస్తాం.

ఇట్లు,
హెడ్మాస్టర్, కావలి