సుమతికి: చిన్నోడి బూస్టర్ సీటు గురించి

మల్కాజిగిరి, హైదరాబాద్

చి॥ల॥సౌ॥ సుమతికి నాన్న ఆశీస్సులు.

నీ ఫ్రెండ్ ఇస్తానన్న గాలి బూస్టర్, అదే కారులో పిల్లాణ్ని ఎత్తులో కూర్చోబెట్టే గాలి నింపే సీటు, దాని ఫొటో చూశాను. బ్యాగులో మడిచి పెట్టుకోవచ్చు, బరువు లేదు, మీరు ఇక్కడికొచ్చినప్పుడు క్యాబుల్లో పనికొస్తుంది అని రాశావు. నిజమే బిడ్డా. కానీ కారు గుద్దుకున్నప్పుడు అది చిన్నోణ్ని కాపాడుతుందా అన్నది వాటిని బట్టి తేలదు. సీటు అడుగున ఉన్న నారింజ రంగు స్టిక్కర్ చూడాలి, ఆ తర్వాత వాడి ఒంటి మీద బెల్టు ఎక్కడ కూర్చుందో చూడాలి.

సీటును తిరగేసి చూడు. ఈసీఈ ఆర్44/04 అనో, యూఎన్ ఆర్129 అనో ఉండాలి. అవి పిల్లల కారు సీట్ల భద్రతా ప్రమాణాలు. వలయంలో ‘ఈ’ అక్షరం, పక్కన ఆమోదం ఇచ్చిన దేశం అంకె ఉంటాయి: 1 అంటే మీ జర్మనీ, 2 ఫ్రాన్స్, 4 నెదర్లాండ్స్, 11 బ్రిటన్. ఆర్44/04 సీటయితే ఆమోద సంఖ్య 04తో మొదలవుతుంది. ‘సీఈ’ అన్న గుర్తు చూసి సరే అనుకోకు. బొమ్మల డబ్బాల మీద కనిపించే గుర్తు అది, కారు సీటు పరీక్షతో దానికి సంబంధం లేదు. స్టిక్కర్ ఊడిపోయి ఉంటే మాత్రం ఎవరెంత చెప్పినా తీసుకోకు. అది ఒకసారి యాక్సిడెంట్‌లో ఉందా అని కూడా అడుగు. ఉంటే పైకి బాగానే కనిపించినా వాడకూడదు.

ఆర్44 సీట్లకు కొలత బరువు, ఆర్129 సీట్లకు ఎత్తు. యూరోపియన్ యూనియన్‌లో ఆర్44 సీట్ల అమ్మకం 2024 సెప్టెంబర్ 1తో ఆగింది, ఇంట్లో ఉన్నవి వాడుకోవచ్చు. నీ ఫొటోలో స్టిక్కర్ మీద 15–36 కిలోలు అని ఉంది. వాడు 21 కిలోలు, సరిపోయింది అనిపిస్తుంది. అక్కడే ఆగు. వెనక ఆనుడు లేని బూస్టర్లను 125 సెంటీమీటర్లు, 22 కిలోలు దాటిన పిల్లలకే కొత్తగా ఆమోదించాలని 2017లో నిబంధన మార్చారు. అంతకుముందు ఆమోదం పొందిన మోడళ్ల మీద పాత అంకెలే మిగిలాయి. చిన్నోడు 116 సెంటీమీటర్లు. చట్టం ఆ సీటును కాదనదు, నేను మాత్రం వద్దంటాను.

ఎందుకో చెప్తాను. ల్యాబ్‌లో సీటును ఒక బల్లకు బిగించి, పిల్లాడంత డమ్మీని కూర్చోబెట్టి, మామూలు మూడు పాయింట్ల బెల్టు పెడతారు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో తీసుకొచ్చి సుమారు 65 సెంటీమీటర్లలో ఆపేస్తారు. మూడో అంతస్తు మీంచి కింద పడితే తగిలే వేగం అది. ఆర్44లో డమ్మీ తల ముందుకు 550 మిల్లీమీటర్ల గీత దాటకూడదు. దాని పొట్టలో మెత్తటి మట్టి పెడతారు. బెల్టు జారి పొట్టలోకి దిగితే ఆ మట్టి మీద అచ్చు పడుతుంది, అచ్చు పడితే సీటు ఫెయిల్.

పిల్లాడి ఒంట్లో ఆ మట్టి ఉన్న చోట పేగులుంటాయి. నడుము బెల్టు తుంటి ఎముకల ముందు భాగాన్ని పట్టుకుని ఆపాలి. పెద్దవాళ్లలో ఆ ఎముక అంచు కొక్కెంలా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, ఆరేళ్ల పిల్లల్లో అది ఇంకా గుండ్రంగానే ఉంటుంది. అందుకే వాళ్ల ఒంటి మీద బెల్టు సులువుగా పొట్ట మీదికి ఎక్కుతుంది. పిల్లాణ్ని ఎత్తులో కూర్చోబెట్టి, బెల్టును తొడల మీదికి దించి అక్కడే పట్టి ఉంచడమే బూస్టర్ పని.

గాలి బూస్టర్‌లో గాలి తగ్గితే తుంటి కిందికి దిగి, బెల్టు మళ్లీ పొట్ట మీదికొస్తుంది. బొటనవేలితో గట్టిగా నొక్కితే కారు సీటు తగిలిందంటే గాలి చాలలేదన్నమాట. రాత్రి నింపి పొద్దున నొక్కి చూస్తే లీకు తెలిసిపోతుంది. మడిచే ప్లాస్టిక్ రకం వేరు. అది పిల్లాణ్ని ఎత్తదు, రెండు తుంటి క్లిప్పులతో, ఒక భుజం క్లిప్పుతో బెల్టునే కిందికి లాగుతుంది. అందులో ఒక్క క్లిప్పు మర్చిపోయినా, బెల్టు మెలిపడినా అది పనిచేయదు.

ఈ రెండు రకాలకూ పక్క గోడలు లేవు. పక్కనుంచి గుద్దే పరీక్ష ఆర్44లో లేనే లేదు, ఆర్129తో వచ్చింది. మీ ఫ్లైట్ శంషాబాద్‌లో దిగేది అర్ధరాత్రి దాటాక. క్యాబ్ ఎక్కిన పది నిమిషాలకు వాడు నిద్రపోతాడు, పక్కకు ఒరుగుతాడు, భుజం బెల్టు మెడ మీదికో చేతి కిందికో జారుతుంది. పరీక్ష జరిగింది నిటారుగా కూర్చున్న డమ్మీ మీద. పైగా 50 వేగంలో. మన అవుటర్ రింగ్ రోడ్డు మీద అనుమతించిన వేగం 120, ఆ దెబ్బలో శక్తి ఐదున్నర రెట్లకు పైనే. డ్రైవర్‌ను 80 దాటొద్దని ఎక్కగానే చెప్పు, మొహమాటపడకు.

అందుకని వెనక ఆనుడు, తల పక్కన రెక్కలు ఉండి మడిచి సూట్‌కేసులా పట్టుకెళ్లగలిగే ఆర్129 బూస్టర్, 100–150 సెంటీమీటర్లది కొను. కాస్త బరువు ఎక్కువ, మోయక తప్పదు. విమానంలో మాత్రం వాడలేవు, అక్కడ నడుము బెల్టే ఉంటుంది కదా. కంపెనీ అట్టపెట్టెలోనే పెట్టి లగేజీలో వెయ్యి.

అమెరికా నుంచి మీ అన్న తెస్తానన్నదాని మీద వలయం, ‘ఈ’ గుర్తు ఉండవు. అక్కడి ప్రమాణం ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 213. పరీక్ష 48 కిలోమీటర్ల వేగంలో చేస్తారు, ప్రమాణానికి సరిపోయిందని కంపెనీయే ప్రకటిస్తుంది. అది చెడ్డదని కాదు, కానీ మీ జర్మనీలో చెల్లదు. మన దేశ ప్రమాణం ఏఐఎస్-072. ఇక్కడి ఆన్‌లైన్‌లో దొరికే, తాళ్లతో సీటు వెనక్కి కట్టే గుడ్డ సీట్ల జోలికి మాత్రం అస్సలు వెళ్లకు. కార్లను గుద్దించి స్టార్లిచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో అయిదు స్టార్లు వచ్చిన కారు గదా అని కూడా ధీమా పడొద్దు. అందులో కూర్చోబెట్టేది ఏడాదిన్నర, మూడేళ్ల పిల్లల డమ్మీలను, బూస్టర్ వయసు వాళ్లవి కాదు.

ఇక్కడి క్యాబుల్లో అసలు ఇబ్బంది బెల్టు కొస దూర్చి క్లిక్ చేసే బకిల్‌తోనే. సీటు కవర్ కింద దూర్చేసి ఉంటుంది. సామాను డిక్కీలో పెట్టకముందే వెనక డోర్ తీసి, కవర్ పక్కకు జరిపి బకిల్ పైకి లాగు. దొరక్కపోతే వేరే క్యాబ్ పిలువు. మధ్య సీటులో నడుము బెల్టే ఉంటే అక్కడ బూస్టర్ వద్దు, కిటికీ పక్కన పెట్టు. వెనక ముగ్గురు ఇరుక్కుంటే బూస్టర్ అంచు బకిల్ మీద ఎక్కి కూర్చుంటుంది, అప్పుడు క్లిక్ అన్నట్టే అని ఊడి వస్తుంది. ఒకసారి లాగి చూడు. నడుము బెల్టు రెండు చేతిదిమ్మల కిందినుంచి, భుజం బెల్టు బకిల్ వైపు చేతిదిమ్మ కిందినుంచి పోవడం మామూలు, అయినా నీ సీటు మాన్యువల్‌లో బొమ్మ ఎలా ఉంటే అలాగే పెట్టు. భుజం బెల్టు మెడకూ భుజం కొసకూ మధ్యన ఉండాలి. ఆటోలో బెల్టే ఉండదు కాబట్టి బూస్టర్‌తో పని లేదు, దూరాలకు ఆటో వద్దు. పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టో చైల్డ్ సీటో లేకుండా బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా ఉంది, డ్రైవర్ విసుక్కుంటే ఆ మాట చెప్పు.

సీటు కొన్నాక మీ కారులోనే వాణ్ని కూర్చోబెట్టి పక్కనుంచి ఒక ఫొటో, స్టిక్కర్‌ది ఒక ఫొటో పంపు. నడుము బెల్టు కనపడేలా వాడి చొక్కా కాస్త పైకెత్తి తియ్యి.

నాన్న